పద్దులో పడని పని

2014 ఏప్రిల్. అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ప్లేఆఫ్స్ తొలి రౌండ్. ఒక్లహోమా సిటీ థండర్, మెంఫిస్ గ్రిజ్లీస్ మధ్య నాలుగో మ్యాచ్‌లో కెవిన్ డ్యూరాంట్ రింగు వైపు 21 సార్లు బంతి విసిరితే ఐదుసార్లే లోపల పడింది. ఆ సీజన్‌లో లీగ్ మొత్తం మీద అందరికంటే ఎక్కువ సగటున పాయింట్లు చేసింది అతనే. మరికొద్ది రోజుల్లో ఆ ఏడాది అత్యుత్తమ ఆటగాడి అవార్డు కూడా అతనికే రాబోతోంది. మనిషి ఎత్తు దాదాపు ఏడడుగులు. అతని చేయి పైకి లేచిందంటే ఇక అడ్డుకోవడం ఎవరి తరమూ కాదని పేరు. అలాంటి ఆటగాడు వరసగా తడబడుతుంటే అతని జట్టు ఊళ్లోని పత్రిక ‘ది ఒక్లహోమన్’ మే 1న, అతను నమ్మదగిన మనిషి కాదన్న అర్థం వచ్చేలా పెద్దక్షరాల శీర్షిక పెట్టింది. పాఠకులు మండిపడ్డారు. పత్రిక క్షమాపణ చెప్పుకుంది.

శీర్షిక మర్యాదగా లేదన్నదే అందరి అభ్యంతరం. దానిలో అంతకంటే పెద్ద లోపం మరొకటుంది. ఆ కథలోని రెండో మనిషిని అది చూడనే లేదు. డ్యూరాంట్ షాట్లు పడకపోవడానికి చాలా కారణాలు ఉండొచ్చు కానీ, ఆ సిరీస్‌లో అతన్ని వదలకుండా వెంటాడిన కారణానికి పేరుంది: టోనీ అలెన్. ఎత్తు ఆరడుగుల నాలుగంగుళాలు. అంటే డ్యూరాంట్ కంటే దాదాపు అరడుగు పొట్టి. బెంచీ మీది నుంచి వచ్చి, డ్యూరాంట్ ఎక్కడికి వెళితే అక్కడికి వెళ్లి, బంతి అందకముందే మీదపడి, అందాక ఊపిరి సలపనివ్వకుండా చేశాడు. ఆ సిరీస్ ఏడు మ్యాచ్‌ల దాకా సాగింది. వాటిలో వరసగా నాలుగు మ్యాచ్‌లు అదనపు సమయానికి వెళ్లాయి. చివరికి గెలిచింది థండరే. ఆరో మ్యాచ్‌లో 36, ఏడో మ్యాచ్‌లో 33 పాయింట్లు చేసి డ్యూరాంట్ తన బాకీ తీర్చుకున్నాడు. కానీ లీగ్‌లోకెల్లా మేటి ఆటగాడిని అతని సొంత ఊరి పత్రికే శంకించేలా చేయడం చిన్న పనేమీ కాదు. ఆ పని చేసినవాడి పేరు శీర్షికలో లేదు. స్కోరు పట్టికలో అతని పేరు ఉంటుంది కానీ, చేసిన పని ఉండదు.

బాస్కెట్‌బాల్ లెక్కల్లో ఆనాటి నుంచీ ఉన్న చిక్కే ఇది. ఆ లెక్క జరిగినదాన్ని పట్టుకుంటుంది, జరగకుండా ఆగిపోయినదాన్ని వదిలేస్తుంది. పాయింటు, పాస్, రీబౌండ్ ఎక్కుతాయి. ప్రత్యర్థి చేతిలోంచి బంతి లాక్కోవడాన్నీ, షాట్‌ను గాల్లోనే కొట్టేయడాన్నీ కూడా ఎన్‌బీఏ అధికారికంగా లెక్కించడం మొదలుపెట్టింది 1973-74 సీజన్ నుంచే. అంటే లీగ్ పుట్టిన తొలి పాతికేళ్లకుపైగా డిఫెండర్‌కు అంకెల్లో ఉనికే లేదు. ఆ తర్వాతా దక్కింది అరకొరే. బంతి లాగేసుకున్నది పద్దులో పడుతుంది కానీ, డిఫెండర్‌ను చూసి ‘ఇటు వద్దులే’ అని బంతిని అటు తిప్పేసిన ప్రత్యర్థి భయం పడదు. బంతికి వేళ్లు తగిలి దారి మళ్లిన సందర్భాలను లీగ్ లెక్కించి ప్రకటించడం మొదలైందే 2016లో. మన కబడ్డీ ఈ విషయంలో కొంత నయం. రెయిడర్ ఉత్త చేతుల్తో వెనక్కి వెళితే దాన్ని ఖాళీ రెయిడ్‌గా రాసుకుంటారు. అడ్డుకున్నవాళ్ల పనికి అదొక రసీదు. క్రికెట్‌లో కవర్ పాయింట్‌లో మంచి ఫీల్డర్ ఉన్నాడని బ్యాట్స్‌మన్ తీయని పరుగుకు మాత్రం రసీదు లేదు. డిఫెన్స్ మీదే బతికే బాస్కెట్‌బాల్ గార్డు జీవితమంతా ఇలా తీయని పరుగుల లెక్కే.

ఇంతకీ అతను చేసేదేమిటి? జట్టులోని ఐదుగురిలో గార్డులు సాధారణంగా పొట్టివాళ్లు. రింగు దగ్గర నిలబడి షాట్లను కొట్టేసే పని ఏడడుగుల సెంటర్‌ది. గార్డుది రింగుకు దూరంగా, విశాలమైన ఆవరణలో చేసే కాపలా. బంతితో వచ్చేవాడికి ఏ దిక్కుకు వెళ్లాలో ముందే తెలుసు. కాపలా కాసేవాడికి తెలియదు. ఆ అరక్షణం వెనుకబాటును పూడ్చుకోవడమే అతని విద్య.

అది మొదట కాళ్ల విద్య. చూసేవాళ్ల కళ్లు చేతుల మీద ఉంటాయి కానీ, మంచి డిఫెండర్ ప్రత్యర్థిని ఆపేది పాదాలతోనే. మోకాళ్లు వంచి, నడుము కిందికి దించి, పాదాలు ఒకదానికొకటి తగలకుండా పక్కకు జారుతూ, ఎదుటివాడి ఛాతీకి తన ఛాతీ ఎదురుగా ఉండేలా చూసుకోవాలి. కళ్లు బంతి మీదా ఉండకూడదు, ప్రత్యర్థి కళ్ల మీదా ఉండకూడదు. తల, భుజాలు, బంతి అన్నీ అబద్ధం చెప్పగలవు. నడుము చెప్పలేదు. మనిషి వెళ్లే వైపే నడుమూ వెళుతుంది. అందుకే కోచ్‌లు చూపును నడుము మీద ఉంచమంటారు.

అలెన్ తరం వాళ్లకు ఈ కాళ్ల విద్య మరింత అవసరమైంది. అంతకుముందు డిఫెండర్ తన చేతిని ప్రత్యర్థి నడుము మీద ఆనించి అతని కదలికను నియంత్రించడం మామూలు. 2004-05 సీజన్ నుంచి దాన్ని ఫౌల్‌గా పిలవడం గట్టిగా అమలు చేశారు. ఆట వేగంగా, చూడముచ్చటగా ఉండాలనీ, స్కోర్లు పెరగాలనీ ఉద్దేశం. స్కోర్లు పెరిగాయి కూడా. బంతి పట్టుకున్న గార్డులకు పండగ. కాపలా కాసే గార్డుకు మాత్రం చేతులు కట్టేసినట్టయింది. టోనీ అలెన్ ఎన్‌బీఏలో అడుగుపెట్టింది సరిగ్గా ఆ సీజన్‌లోనే. 2004 డ్రాఫ్ట్‌లో బోస్టన్ సెల్టిక్స్ అతన్ని 25వ స్థానంలో తీసుకుంది. పాత పద్ధతిలో చేతులతో ఆపే వెసులుబాటు అతనికి ఒక్క సీజన్ కూడా దొరకలేదు.

రెండోది, బంతి రాకముందే పని మొదలుపెట్టడం. మేటి ఆటగాడికి బంతి అందాక ఆపడం కష్టం. అందకుండా చూడటం కొంత తేలిక. అందినా, అతను కోరుకున్న చోటికి రెండడుగులు దూరంగా అందేలా చేస్తే ఆ రెండడుగులే చాలు. అలవాటైన చోట నుంచి వేసే షాట్‌కూ, అక్కడి నుంచి జరిగి వేసే షాట్‌కూ చాలా తేడా ఉంటుంది. పైగా బాస్కెట్‌బాల్‌లో ప్రతి దాడికీ 24 సెకన్లే గడువు. 1954 నుంచి ఉన్న నియమం అది. బంతి అందుకోవడానికే ఎనిమిది సెకన్లు పట్టేలా చేస్తే మిగతా పని గడియారం చూసుకుంటుంది. అలెన్ ఈ విషయంలో మొండివాడు. బంతి కోర్టుకు అవతలి కొసన ఉన్నా తన మనిషికి వీపు చూపించడు. చేయి అడ్డం పెట్టి, అతనికీ బంతికీ మధ్య దారిలో నిలబడతాడు. టీవీ కెమెరా బంతి వెంట వెళుతుంది కనుక ఈ పోరు చాలా వరకు ప్రేక్షకుడికి కనిపించదు.

మూడోది, స్క్రీన్‌లను దాటడం. దాడి చేసే జట్టులో ఒక భారీకాయుడు వచ్చి డిఫెండర్ దారిలో స్తంభంలా నిలబడతాడు. బంతి ఉన్నవాడు ఆ స్తంభాన్ని రాసుకుంటూ వెళ్లిపోతాడు. డిఫెండర్ స్తంభానికి గుద్దుకుని ఆగిపోతాడు. నేటి ఎన్‌బీఏ దాడుల్లో సింహభాగం ఈ ఒక్క ఎత్తు మీదే నడుస్తాయి. మ్యాచ్‌లో పదుల సార్లు వంద కిలోలకు పైబడ్డ దేహాలు భుజాలకు తగులుతుంటే వాటి మధ్య ఒక కాలు, ఒక భుజం దూర్చి, దేహాన్ని సన్నం చేసుకుని అవతలికి జారాలి. మొదటి పదిసార్లు అందరూ దాటుతారు. నాలుగో క్వార్టర్‌లో, ఒళ్లంతా హూనమయ్యాక, ముప్ఫయ్యోసారి దాటేవాళ్లు తక్కువ. ఇక్కడ నైపుణ్యం ఎక్కడ ఆగి పట్టుదల ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం.

నాలుగోది జ్ఞాపకం. ఎడమవైపు వెళ్లాల్సి వస్తే ఒక ఆటగాడు రెండుసార్లు బంతి కొట్టి ఆగుతాడు. మరొకడు షాట్ వేసే ముందు భుజం ఒకసారి అదిలిస్తాడు. ఇలాంటివన్నీ వీడియోల్లో చూసి మనసులో రాసుకోవాలి. అంతా కలిపితే మంచి గార్డు ఎదుటివాడికి తలుపులన్నీ మూయడు. అది సాధ్యం కాదు. ఒక్క తలుపు తెరిచి ఉంచుతాడు. అది ఎదుటివాడికి అన్నిటికంటే ఇష్టం లేని తలుపు అయి ఉంటుంది. కోబీ బ్రయంట్ లాంటివాడిని అలెన్ ఏళ్ల తరబడి ఎదుర్కొన్నది ఇలాగే. 2016లో రిటైరవుతూ కోబీ తన బూట్ల మీద సంతకం చేసి అలెన్‌కు ఇచ్చాడు. తాను ఎదుర్కొన్న డిఫెండర్లలో అతనే మేటి అని దాని మీద రాశాడు. పద్దులో పడని పనికి ఎదుటివాడు రాసిచ్చిన రసీదు అది.

అలెన్ మచ్చలేని డిఫెండర్ అనుకుంటే పొరపాటు. బంతిని మధ్యలో అందుకోవాలని దూకి, అందక, తన మనిషిని ఒంటరిగా వదిలేసిన సందర్భాలు కోకొల్లలు. అనవసరపు ఫౌల్‌లూ ఎక్కువే. లాక్కున్న బంతితో ఒంటరిగా పరుగెత్తి, ఎవరూ అడ్డులేని చోట తేలికైన షాట్ వదిలేసి, అభిమానుల చేత తల పట్టించిన సందర్భాలూ ఉన్నాయి. క్రమశిక్షణకు మారుపేరైన డిఫెండర్లు అతనికి ముందూ ఉన్నారు, తర్వాతా ఉన్నారు. అతనిది మరో రకం. ఎప్పుడు ఎక్కడి నుంచి వచ్చి పడతాడో తెలియని భయాన్ని ప్రత్యర్థి జట్టు మొత్తంలో నింపడం.

నిజానికి అలెన్ మొదటి నుంచీ ఈ పనికే అంకితమైనవాడు కాదు. 1982లో షికాగోలో పుట్టి, ఒక్లహోమా స్టేట్ యూనివర్సిటీలో ఆడి వచ్చిన అతను తొలి రోజుల్లో ఎగిరి బంతిని రింగులో కుక్కే ఆటగాడు. 2006-07 సీజన్‌లో సెల్టిక్స్ పెద్ద ఆటగాళ్లు గాయపడితే అవకాశం అందిపుచ్చుకుని పాయింట్లు కూడా బాగానే చేస్తున్నాడు. 2007 జనవరిలో ఓ మ్యాచ్‌లో రిఫరీ విజిల్ వేసి ఆట ఆపేశాక కూడా ఊరకుండలేక బంతితో ఎగిరాడు. ఆ షాట్‌కు లెక్కలో విలువే లేదు. దిగేటప్పుడు మోకాలు మెలిపడి రెండు లిగమెంట్లు తెగాయి. ఆ సీజన్ అక్కడితో ముగిసింది.

కోలుకుని వచ్చేసరికి జట్టు స్వరూపమే మారిపోయింది. కెవిన్ గార్నెట్, రే అలెన్ వచ్చి పాల్ పియర్స్‌తో కలిశారు. పాయింట్లు చేయడానికి అతని అవసరం లేదు. అదే సమయంలో అసిస్టెంట్ కోచ్‌గా వచ్చిన టామ్ తిబడో ఆధ్వర్యంలో సెల్టిక్స్ లీగ్‌లోనే అత్యంత కఠినమైన డిఫెన్స్ జట్టుగా మారింది. 2008లో టైటిల్ గెలిచింది. అలెన్‌కు మిగిలిన తలుపు ఒక్కటే, ప్రత్యర్థి మేటి ఆటగాడిని కాపలా కాయడం. 2010 ఫైనల్స్‌లో లేకర్స్ మీద బెంచీ నుంచి వచ్చి కోబీ వెంట పడే పని అతనికి దక్కింది. ఏడో మ్యాచ్‌లో కోబీ 24 షాట్లు వేస్తే ఆరే పడ్డాయి. అందులో సెల్టిక్స్ డిఫెన్స్ మొత్తానికీ వాటా ఉంది. మ్యాచ్ మాత్రం లేకర్స్‌దే.

ఆ వేసవిలో అతను మెంఫిస్ వెళ్లాడు. గ్రిజ్లీస్ 2001లో వాంకూవర్ నుంచి తరలి వచ్చిన జట్టు. అప్పటిదాకా ప్లేఆఫ్స్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలిచిన చరిత్ర లేదు. 2011 ఫిబ్రవరిలో ఒక్లహోమా సిటీ మీద గెలిచాక అలెన్ టీవీ మైకు ముందు తమ ఆట గురించి నాలుగు ముక్కలు చెప్పాడు. గుండె పెట్టి, పట్టు విడవకుండా, ఒళ్లరగదీసి ఆడటమే తమ పద్ధతి అని దాని సారాంశం. అతని మాటల్లోంచి ‘గ్రిట్ అండ్ గ్రైండ్’ అన్న నినాదం పుట్టింది. మిసిసిపీ ఒడ్డున గిడ్డంగులు, సరుకు రవాణా మీద బతికే ఆ ఊరికి ఆ మాట బాగా నచ్చింది. ఆ ఏడాదే ఎనిమిదో స్థానంతో ప్లేఆఫ్స్‌లోకి వచ్చిన గ్రిజ్లీస్, అగ్రస్థానంలో ఉన్న శాన్ ఆంటోనియో స్పర్స్‌ను 4-2తో ఇంటికి పంపింది. 2012-13లో ప్రత్యర్థులకు సగటున అతి తక్కువ పాయింట్లు ఇచ్చిన జట్టు అదే. ఆ ఏడాది వెస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్లింది. రింగు దగ్గర మార్క్ గసోల్, జాక్ రాండాల్ఫ్, బయట మైక్ కాన్లీ, అలెన్. దూరం నుంచి షాట్లు వేయడం ఆ జట్టుకు పెద్దగా రాదు. ఎదుటివాళ్లనూ వేయనివ్వదు.

అలెన్‌కు లీగ్ డిఫెన్స్ జట్లలో ఆరుసార్లు చోటు దక్కింది. 2012, 2013, 2015లో మొదటి జట్టులో, 2011, 2016, 2017లో రెండో జట్టులో. వీటిలో తొలి మూడింటికి ఓటేసింది కోచ్‌లు. అతన్ని దాటుకుని గెలవడానికి రాత్రుళ్లు కూర్చుని పథకాలు వేసినవాళ్లే.

అలాంటివాడిని ఓడించడానికి చివరికి ఒక పథకం దొరికింది. అది అతని ఆటను ఎదుర్కొనే పథకం కాదు, అతన్ని పట్టించుకోకుండా వదిలేసే పథకం.

2015 మే. కాన్ఫరెన్స్ సెమీఫైనల్లో గ్రిజ్లీస్ ఎదురుగా స్టీఫెన్ కర్రీ, క్లే థాంప్సన్‌ల గోల్డెన్ స్టేట్ వారియర్స్. ఆ సీజన్‌లో 67 మ్యాచ్‌లు గెలిచిన జట్టు. మొదటి మ్యాచ్ వారియర్స్ గెలిచింది. రెండో మ్యాచ్‌లో అలెన్ విరుచుకుపడ్డాడు. థాంప్సన్‌ను అంటిపెట్టుకుని, బంతులు లాక్కుని, లీగ్ మొదటి డిఫెన్స్ జట్టు ఆటగాడిని తానేనని కోర్టులో గట్టిగా అరిచి మరీ చెప్పుకున్నాడు. ఆ అరుపు టీవీ మైకుల్లో అమెరికా అంతా వినబడింది. ఆ మ్యాచ్, తర్వాతి మ్యాచ్ గ్రిజ్లీస్‌వే. 2-1 ఆధిక్యం. లీగ్‌లో అత్యుత్తమ దాడి ఒక్కసారిగా తికమకపడింది.

నాలుగో మ్యాచ్‌కు వారియర్స్ కోచ్ స్టీవ్ కెర్ చిన్న మార్పు చేశాడు. అలెన్‌ను కాపలా కాసే పని తన ఏడడుగుల సెంటర్ ఆండ్రూ బోగట్‌కు అప్పగించాడు. కాపలా అనేది పేరుకే. అలెన్ మూడు పాయింట్ల గీత దగ్గర నిలబడితే బోగట్ అతన్ని వదిలేసి రింగు దగ్గరే ఉండిపోయాడు. కావాలంటే వేసుకో అన్నట్టు. అలెన్ కెరీర్ మొత్తంలో మూడు పాయింట్ల షాట్లు పడినవి 30 శాతం కూడా లేవు. ఖాళీగా నిలబడ్డ అతనికి బంతి వచ్చింది. వేశాడు. పడలేదు. బోగట్ ఇలా మిగిలిపోవడంతో రింగు దగ్గర రాండాల్ఫ్, గసోల్‌లకు చోటు లేకుండా పోయింది. ఒక్క ఆటగాడికి షాట్ రాకపోవడం వల్ల ఐదుగురి దాడి నలుగురి దాడి అయిపోయింది. అలెన్‌ను కోర్టులో ఉంచితే గ్రిజ్లీస్ పాయింట్లు చేయలేదు. బెంచీ మీద కూర్చోబెడితే వారియర్స్‌ను ఆపేవాడు లేడు. ఆ మ్యాచ్‌లో 101-84తో గ్రిజ్లీస్ ఓడింది. ఐదో మ్యాచ్‌కు తొడ కండరం గాయంతో అలెన్ దూరమయ్యాడు. ఆరో మ్యాచ్‌లో కొద్ది నిమిషాలే ఆడగలిగాడు. 4-2తో సిరీస్ గెలిచిన వారియర్స్ ఆ ఏడాది టైటిల్ కూడా కొట్టింది.

జీవితమంతా ఎదుటివాడిని ఒక్క క్షణం కూడా వదలకుండా కాపలా కాసినవాడిని, కాపలా లేకుండా వదిలేసి ఓడించారు. క్రీడల్లో ఇంతటి క్రూరమైన తర్కం అరుదు. ఆ పథకాన్ని తర్వాత మిగతా జట్లూ అందుకున్నాయి. మూడు పాయింట్ల షాట్లు ఏటికేడాది పెరుగుతున్న లీగ్‌లో, షాట్ రాని గార్డును పెట్టుకోవడం ఏ కోచ్‌కైనా భారంగా మారింది. ఎంత గొప్ప డిఫెండర్ అయినా సరే. అలెన్ 2017 దాకా మెంఫిస్‌లోనే డిఫెన్స్ జట్లలో చోటు సంపాదిస్తూనే ఉన్నాడు. న్యూ ఓర్లీన్స్‌కు ఆడిన 2017-18 సీజన్‌తో అతని ఎన్‌బీఏ కెరీర్ ముగిసింది.

గార్డుల డిఫెన్స్‌కు విలువ తరిగిపోవడం అవార్డుల జాబితాలోనూ కనిపిస్తుంది. ఏడాది మేటి డిఫెండర్ అవార్డును లీగ్ 1983లో మొదలుపెట్టినప్పుడు మొదటి రెండేళ్లూ గెలిచింది గార్డు సిడ్నీ మోంక్రీఫే. తర్వాత ఆల్విన్ రాబర్ట్‌సన్, మైకేల్ కూపర్, 1988లో మైకేల్ జోర్డాన్ గెలిచారు. 1996లో గ్యారీ పేటన్. ఆ తర్వాత ఆ అవార్డు పొడుగువాళ్ల సొత్తయింది. మరో గార్డు, బోస్టన్ ఆటగాడు మార్కస్ స్మార్ట్, దాన్ని అందుకునేసరికి 2022 వచ్చింది. మధ్యలో 26 ఏళ్లు. అలెన్ కెరీర్ మొత్తం ఆ విరామంలోనే పుట్టి, ఆ విరామంలోనే ముగిసింది.

అయితే 2015 మే నెల నేర్పిన పాఠాన్ని తర్వాతి తరం బాగానే వంటబట్టించుకుంది. 2025లో టైటిల్ గెలిచిన ఒక్లహోమా సిటీ థండర్‌నే చూడండి. లుగెంజ్ డోర్ట్ 2019 డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ తీసుకోని ఆటగాడు. కాపలా కాయడంలో దిట్టే అయినా, తొలి సీజన్‌లో అతని మూడు పాయింట్ల షాట్లు పడినవి 30 శాతం లోపే. ప్రత్యర్థులు అతన్నీ అలెన్‌ను వదిలినట్టే వదిలేశారు. డోర్ట్ వేస్తూనే పోయాడు. 2024-25 నాటికి ఆ శాతం 40 దాటింది. అదే ఏడాది లీగ్ మొదటి డిఫెన్స్ జట్టులో చోటు దక్కింది. ఇప్పుడు అతన్ని వదిలేస్తే శిక్ష పడుతుంది.

ఆ జట్టులోనే అలెక్స్ కారూసో. 2016 డ్రాఫ్ట్‌లో అతన్నీ ఎవరూ ఎంచుకోలేదు. 2025 మేలో డెన్వర్‌తో కాన్ఫరెన్స్ సెమీఫైనల్ ఏడో మ్యాచ్‌లో అతనికి అప్పగించిన పని వింటే ఎవరైనా నవ్వుతారు. ఆరడుగుల ఐదంగుళాల గార్డు, ఆరడుగుల పదకొండు అంగుళాల సెంటర్ నికోలా యోకిచ్‌ను కాపలా కాయాలి. లీగ్ అత్యుత్తమ ఆటగాడి అవార్డును మూడుసార్లు గెలిచినవాడు యోకిచ్. కారూసో ఎత్తుతో పోటీ పడలేదు. యోకిచ్ ముందుకు వెళ్లి నిలబడి, నడుముకు నడుము ఆనించి, బంతి అందే దారినే మూసేశాడు. వెనుక నుంచి సహచరులు సాయం పట్టారు. థండర్ 125-93తో గెలిచింది. బంతి రాకముందే పని మొదలుపెట్టడం అన్న పాత సూత్రమే అది. పదకొండేళ్ల కిందట ఇదే జట్టు ఆటగాడు డ్యూరాంట్ మీద అలెన్ ప్రయోగించినదీ అదే.

2025 మార్చిలో మెంఫిస్‌లో అలెన్ ధరించిన 9వ నంబర్ జెర్సీని గ్రిజ్లీస్ శాశ్వతంగా పక్కన పెట్టింది. ఇక ఆ జట్టులో ఎవరూ ఆ నంబర్‌తో ఆడరు. బాస్కెట్‌బాల్‌లో ఇలాంటి గౌరవం సాధారణంగా పాయింట్ల మోత మోగించినవాళ్లకు దక్కుతుంది. అలెన్ కెరీర్ సగటు మ్యాచ్‌కు ఎనిమిది పాయింట్లు. పద్దు మాత్రమే చూసేవాళ్లకు ఆ అంకెకూ, స్టేడియం కప్పు నుంచి వేలాడే ఆ జెర్సీకీ పొంతన కుదరదు. డ్యూరాంట్ వేసిన ఆ 21 షాట్లలో పడని 16 ఎక్కడికి పోయాయో తెలిసినవాళ్లకు కుదురుతుంది.